రెండు మూపురాల బండ

దేనికీ భయపడనని బల్ల గుద్ది చెప్పే వయసు ఒకటుంటుంది. ఆ వయసులో ధైర్యం ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి, గుద్దడానికి బల్ల దొరికితే చాలు. ఆ రోజుల్లో నాకు బల్లలు బాగానే దొరికేవి. నిజామాబాద్ కాలేజీలో వక్తృత్వ పోటీల బల్ల, బోధన్‌లో మా హేతువాద మిత్రుల ఆదివారం చర్చల బల్ల (నిజానికి అది ఒక సైకిల్ షాపు వెనకాల పంక్చర్లు వేసే బల్ల), ఆ తర్వాత హైదరాబాదులో రాళ్ళ వయసు తేల్చే ప్రయోగశాలలో నా మొదటి ఉద్యోగపు బల్ల. దయ్యం లేదు, చేతబడి లేదు, బాణామతి లేదు అని మూడు బల్లల మీదా సమానంగా గుద్దాను. ఎవరేం చెప్పినా 'సవాల్' అనేదాన్ని గనక చుట్టాల్లో నాకు 'సవాల్ పిల్ల' అని పేరు పడింది. పెళ్ళిళ్ళలో కూడా, సవాల్ పిల్ల వచ్చింది, మంత్రాలు జెర సూసుకొని సదువు అని పంతులుగారిని హెచ్చరించేవాళ్ళు. అటువంటి నాకు ఒక మధ్యాహ్నం మా చిన్నమ్మ నుంచి ఫోను వచ్చింది.

చిన్నమ్మ మా అమ్మకు స్వయానా చెల్లెలు. రెంజల్ దాటి మహారాష్ట్ర సరిహద్దు వైపు పోయే దారిలో ఒక ఊరు ఆమెది. చిన్నాయన పోయాక, మిగిలిన కాస్త పసుపు చేనును ఒంటరిగా సాగు చేసుకునేది. ఆ చేను నడుమ ఒక నల్లబండ ఉంది. మనిషి గొంతుకూర్చుని, మోకాళ్ళ మీద తల వాల్చుకుని, ఎవరో పిలిస్తే లేద్దామని ఆగినట్టు ఉంటుంది. ఊరివాళ్ళు దాన్ని పోచమ్మ అనరు, మైసమ్మ అనరు. 'ఆమె' అంటారు, అంతే. (పేరున్న దేవతతో బేరమాడవచ్చు. పేరు లేనిదానికే భయం ఎక్కువ, గమనించండి.) ఏటా పసుపు తవ్వకానికి ముందు ఇంటి పెద్దవాళ్ళు బండ మొదట్లో, సరిగ్గా అది నేలను తాకేచోట, నూలుతాడు చుట్టి ముడి వేస్తారు. తవ్వకం అయ్యాక విప్పి ఇంట్లో దాస్తారు. మళ్ళీ ఏడు అదే తాడు. కొన్నేళ్ళుగా ఆ ముడి పడటం కష్టమవుతోంది. ఆ ఏడు ముడే పడలేదు.

"బిడ్డా, ఆమె పెరుగుతున్నదట," అంది చిన్నమ్మ ఫోనులో, పక్కింట్లో పాలు పొంగాయన్నంత మామూలుగా. "నేనే పెంచుతున్ననట. చేన్ల అడుగు పెట్టనీకి కూలోల్లు వస్తలేరు."

మెల్లగా మిగతాది చెప్పింది. చిన్నాయన అన్న, నేను పెద్దబాపు అని పిలిచే ఆయన, పక్క ఇంట్లోనే ఉంటాడు. ఆయన మనుమరాలికి ఎన్నాళ్ళుగానో జ్వరం తగ్గడం లేదు. ఆయన బర్రెకు పాలు ఎండిపోయాయి. మొగుడు లేని ఆడది, చేను నడుమ పెరిగే బండ, పక్కింట్లో జ్వరం. మా వైపు ఈ మూడూ కలిస్తే బాణామతి అయిపోతుంది. సాక్ష్యం అక్కర్లేదు. తవ్వకం రోజులు దాటితే పసుపు నేలలోనే పాడవుతుంది. ఊరు కూర్చుని మాట్లాడితే చిన్నమ్మను ఊరు దాటిస్తారు. నేను ఫోనులోనే సవాల్ అన్నాను. చిన్నమ్మ, బస్సెక్కేటప్పుడు స్వెటర్ పెట్టుకొమ్మని చెప్పి పెట్టేసింది.

ఊళ్ళో దిగేసరికి పొద్దు వాలుతోంది. పసుపు ఆకులు ఎండి, రంగు మారి, నేల మీదికి వాలిపోయి ఉన్నాయి. గాలి లేకపోయినా వాటిలో ఏదో కదులుతున్నట్టు గరగర. మిగతా చేలల్లో మనుషులు, బుట్టలు, తవ్వుగోలల చప్పుడు. మా చిన్నమ్మ చేనులో ఎవరూ లేరు. గట్టు మీద నడిచే ఆడవాళ్ళు ఆ చేను దగ్గరికి రాగానే మాటలు ఆపి, దాటాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. వాకిలి ముందు ఎవరో కోసి పడేసిన నిమ్మకాయ చెక్కలు ఎండిపోయి ఉన్నాయి. నేను వాటిని కాలితో తన్నాను. (తన్నేముందు చెప్పు సరిగా ఉందో లేదో చూసుకున్నాను. అది కేవలం చెప్పు కొత్తదవడం వల్ల.)

చిన్నమ్మ తాడు తెచ్చింది. ఇద్దరం బండ దగ్గర చెరోవైపు కూర్చున్నాం. దగ్గర్నుంచి చూస్తే బండ మొదట్లో చుట్టూ ఒక తెల్లని పట్టీ కనిపించింది. పైనంతా నలుపు, కింద ఆ పాలిపోయిన వలయం. నేలలోంచి కొత్తగా మొలుస్తున్న మెడ లాగా ఉంది. తాడు కొసలు రెండూ నా వైపుకు వచ్చాయి. లాగాను. కలవలేదు. ఇంకా లాగాను. కొసల నడుమ నా జానెడు ఖాళీ, ఆ ఖాళీలో పాలిపోయిన రాయి. నూలు ఎండకు కుంచించుకుపోతుందని నేను గట్టిగా ప్రకటించాను. చిన్నమ్మ తాడును కాదు, నన్ను చూసింది.

"మరి నీ చేతులెందుకే వణుకుతున్నయి?"

"సలి."

"సలి లేదు బిడ్డా," అంది చిన్నమ్మ, ఎంతో ప్రేమగా.

మర్నాడు పొద్దున్నే సుత్తి తీసుకుని బండ వెనకవైపు నుంచి పిడికెడంత ముక్క కొట్టాను. సుత్తి దెబ్బ చేనంతా మోగి, ఎటు నుంచో ఆలస్యంగా తిరిగి వచ్చింది. దారిన పోతున్న అవతలి ఊరి కూలీలు మరాఠీలో ఏదో గొణుక్కుని వేరే దారి పట్టారు. నా వ్యూహం చాలా సులువు. రాయి వయసు తేల్చాలి. కొండలంత వయసున్న రాయి ఇప్పుడు పెరగదని కాగితం మీద చూపించాలి. ఊరి నోరు మూయించాలి. పారతో తేలే పనికి లేజరును పిలుస్తున్నానన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

రాయి వయసు ఎలా తెలుస్తుందో ఒక్క ముక్కలో చెబుతాను, విసుక్కోకండి. మన వైపు నల్లబండల్లో జిర్కాన్ అనే స్ఫటికాలుంటాయి, ఇసుక రేణువుకన్నా చిన్నవి. పుట్టేటప్పుడు అవి కాస్త యురేనియాన్ని లోపల దాచుకుంటాయి. అది తనకు తోచిన వేగంతో కాక, ఎప్పుడూ ఒకే వేగంతో సీసంగా మారుతూ ఉంటుంది. ఎంత మారిందో చూస్తే ఎన్నేళ్ళయిందో తెలుస్తుంది. రాయిని దంచి, కడిగి, అలాంటి గింజల్ని ఏరి, ఒక్కొక్కదాన్ని లేజరుతో గుచ్చి వయసు అడుగుతాం. ఒక్క గింజ మాట నమ్మం. అందరి వయసుల్నీ ఒక గీత మీద పరుస్తాం. ఏ వయసు దగ్గర ఎక్కువ గింజలు గుమిగూడితే అక్కడ గీత ఎద్దు మూపురంలా లేస్తుంది. ఆ మూపురం, రాయి బతుకులో ఏదో జరిగిన రోజు.

లేజరుకు ముందు గింజల ఫొటోలు తీయాలి. గదిలో తెరలు వేసి, యంత్రం ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎలక్ట్రాన్ల కిరణం పడగానే గింజలు చీకట్లో వెలుగుతాయి. అంతకుముందు ఎన్నో రాళ్ళలో చూసినదే, కొత్తేమీ కాదు. కానీ ఆ రోజు తెర మీద లేచినవి గింజల్లా లేవు. ప్రతిదాని నడుమా ఒక నల్లటి చుక్క, చుట్టూ వెలుగుతున్న వలయం. వరసగా, తెర నిండా, రెప్పలు లేని కళ్ళు. యంత్రం మాత్రం హుమ్మంటోంది. నేను లేచి కిటికీ తెర తీశాను. ఎండ లోపలికి వచ్చాక కూర్చుని, రిపోర్టులో 'కేంద్రం, అంచు స్పష్టంగా ఉన్నవి' అని రాశాను. (కళ్ళు అని రాయలేదు. అదొక్కటే నేనప్పుడు సైన్సుకు చేసిన సేవ.)

లెక్కలు వచ్చాక ఇంకో వింత. గింజలన్నీ వందల కోట్ల ఏళ్ళనాటివని చెబుతుంటే, ఒకే ఒక్కటి వాటి పక్కన నిన్న పుట్టినట్టు తేలింది. ఎక్కడో గీత మొదట్లో ఒంటిగా నిలబడి ఉంది. బండ ఇప్పుడు కూడా పెరుగుతోందా అన్న మాట నా నోట్లోకి వచ్చి, పళ్ళ దగ్గర ఆగింది. ప్రయోగశాలలో నాకు పని నేర్పే మా గైడు సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన టీ తాగుతూ ఆ గింజ ఫొటో చూసి, అడ్డంగా పోతున్న సన్నటి పగులును చూపించాడు. పగుల్లోంచి సీసం కారిపోతే గింజ తన వయసు తక్కువ చెబుతుందట. వయసు దాచుకోవడం మనుషులకే అనుకోకు అని నవ్వాడు. "ఒంటిగింజ మాట నమ్మకమ్మా. మంద ఎక్కడ మేస్తోందో చూడు."

మంద రెండుచోట్ల మేస్తోంది. అసలు పిడుగు అదీ. రెండువందల యాభై కోట్ల ఏళ్ళ దగ్గర పెద్ద మూపురం, దానికి వెనక, ఇంకా పాతకాలంలో, ఒక చిన్న మూపురం. వెలిగే అంచులు పెద్దదాంట్లో పడ్డాయి, నల్లటి కేంద్రాలు చిన్నదాంట్లో. అంటే ఏదో మరీ పాతరాయి కరిగిపోతే, అందులో కరగక మిగిలిన గింజలు కొత్త కరుగులో మునిగి, తమ చుట్టూ కొత్త పొర కట్టుకున్నాయి. మామూలు మాటల్లో చెప్పాలంటే, పెరిగాయి. బండ పెరగదని నిరూపించడానికి బయల్దేరినదాన్ని, బండ లోపల ప్రతి గింజా పెరిగిందన్న రుజువు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గీతను ఎంత నునుపు చేయాలన్నది మన చేతిలో ఉంటుంది. తక్కువ చేస్తే ప్రతి గింజా ముల్లులా నిక్కి గీత ముళ్ళపందిలా అవుతుంది. ఎక్కువ చేస్తే రెండు మూపురాలూ కలిసిపోయి బుద్ధిగా ఒక్క గుట్ట అవుతుంది. కంప్యూటరులో ఒక్క అంకె మార్చాను. ఒక్క గుట్ట. ఎంత ముద్దుగా ఉందో. 'పుట్టింది, అంతే, మళ్ళీ పెరగలేదు' అని చెబుతున్న గుట్ట. చిన్నమ్మ ఇల్లు, పసుపు, అన్నీ ఆ గుట్ట కింద భద్రంగా ఉన్నాయి. నా వెనక నుంచి సారు చూసి, గీతను కాదమ్మా, గింజను అడుగు అని మాత్రం అని పోయాడు. గింజల ఫొటోలు మళ్ళీ తెరిచాను. నడుమ నలుపు, చుట్టూ వెలుగు. నన్నే చూస్తున్నాయి. నచ్చిన గుట్ట చూపించి గెలిస్తే నాకూ భూతవైద్యుడికీ తేడా ఏమిటని అంకెను మళ్ళీ వెనక్కి మార్చాను. ధైర్యంతో మార్చానని చాలా సభల్లో చెప్పాను. ఆ కళ్ళ ముందు అబద్ధమాడాలంటే భయమేసిందని ఇక్కడే చెబుతున్నాను.

ఊరంతటికీ కనపడాలని గీతను ఫ్లెక్సీ కొట్టిద్దామనుకున్నాను. నిజామాబాద్‌లో ఫ్లెక్సీ షాపతనికి వాట్సాప్‌లో పంపాను. అతను జాతర ఎన్నడు మేడం అని అడిగాడు. జాతర కాదు, సైన్సు అన్నాను. సరే మేడం, మంచిగ చేస్త అన్నాడు. చుట్టి ఇచ్చినదాన్ని విప్పి చూడకుండా బస్సెక్కడం నా జీవితంలో పెద్ద తప్పులలో ఒకటి.

పసుపు ఉడకబెట్టే కళ్ళంలో ఊరు కూర్చుంది. ఎవరిదో పసుపు కడాయిల్లో ఉడుకుతోంది. మట్టివాసన, పచ్చిపసుపు ఘాటు కలిసిన ఆవిరి మనుషుల నడుమ నుంచి తెరలు తెరలుగా పోతుంటే, మొహాలు ఒకసారి కనపడి ఒకసారి మాయమవుతున్నాయి. చిన్నమ్మ దూరంగా గోడ నీడలో నిలబడింది. ఆమె చుట్టూ ఎవరూ లేరు. నేను ఫ్లెక్సీ విప్పాను. నా రెండు మూపురాల చుట్టూ బంతిపూల దండ అచ్చుపడి ఉంది. కింద రెండు దీపాలు. ఒక మూల, నా వాట్సాప్ ఫొటో, మా అక్క పెళ్ళిలో నమస్కారం పెడుతున్నది, రాజకీయ నాయకురాలిలా వెలిగిపోతోంది. ముందు వరసలో ఇద్దరు ముసలివాళ్ళు చెప్పులు విడిచారు.

సర్దుకుని మొదలుపెట్టాను. ముందు తాడు సంగతి. ఆ పొద్దున వస్తూ గట్టు మీద నుంచి చేనును చూసినప్పుడే అర్థమైంది, ఏటా తవ్వకంలో దుంపలతో పాటు మన్నూ బయటికి పోతోందని, వానకు వాగులోకి పోయేది పోగా చేను దిగిపోతోందని, బండ కిందకు పోయేకొద్దీ లావు గనక నేలను తాకేచోట తాడు చాలడం లేదని. ఆ తెల్లపట్టీ, మొన్నటిదాకా మన్నులో ఉన్న రాయి. కొందరు తలలూపారు. తర్వాత జ్వరం సంగతి, బర్రె సంగతి. ఒంటిగింజ మూపురం కాదని, ఒక జ్వరం, ఒక ఎండిన పొదుగు కలిపి గీత గీయకూడదని చెప్పాను. బాగానే సాగుతోంది. అప్పుడు పెద్దబాపు లేచాడు. మనిషి సగమైపోయాడు. నిద్ర లేని కళ్ళు.

"మన్ను దిగింది, సరే బిడ్డా. నువ్వు అబద్ధమాడవని మీ అవ్వ ఎప్పుడు జెప్తది. ఒక్క మాట జెప్పు. పుట్టినకాడి సంది ఆమె గంతనే ఉన్నదా? పెరిగిందా?"

ఎన్ని చర్చల్లో ఎందరిని 'అవునా కాదా, ఒక్క మాట' అని నిలదీశానో. ఇప్పుడు అదే మాట నా గొంతు దగ్గరికి వచ్చింది. ఆవిరి తొలగి చిన్నమ్మ మొహం కనపడింది. నా వైపే చూస్తోంది.

"పెరిగింది," అన్నాను. "రెండుసార్లు."

తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. నేను గబగబా రెండువందల యాభై కోట్ల ఏళ్ళ గురించి, కరిగిన రాయి గురించి చెబుతూ పోయాను. ఎవరికీ వినపడటం లేదని నాకే తెలుస్తోంది. పెద్దబాపు జనం వైపు తిరిగి, ఇన్నరు గద, సదువుకున్న పిల్లే అన్నది గద అన్నాడు. ఎవరో చిన్నమ్మ సామాను బయట పెట్టే సంగతి ఎత్తారు.

అప్పుడు చిన్నమ్మ గోడ నీడలోంచి ముందుకు వచ్చింది. బావగారి ఎదుట ఆమె ఏనాడూ గొంతెత్తలేదు. కొంగు తల మీదికి లాక్కుంది.

"బావా, పిల్ల ఎన్నేండ్ల కిందట అంటున్నది?"

"ఎన్నో కోట్లట."

"గప్పటికి నేను మీ ఇంటికి కోడల్ని అయిన్ననా?"

కడాయి దగ్గర పొయ్యి ఎగదోస్తున్న ముసలవ్వ ఒకతె, గప్పటికి మీ ఇల్లే లేదు, కోడలెక్కడిది పో అని కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఆవిరిలో ఒకరి నుంచి ఒకరికి పాకింది. నా గీతలూ లేజర్లూ చేయలేని పని అది. నవ్వుతూ ఒక మనిషిని ఊరు దాటించడం ఏ ఊరికీ చేతకాదు. పెద్దబాపు మాత్రం నవ్వలేదు. కింద కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పిల్ల ఒల్లు కాలిపోతుంది నేనేం జెయ్యాలె అంటున్నాడు, ఎవరితోనో తెలియకుండా. చిన్నమ్మ ఆయన పక్కన నిలబడింది.

"దవాఖానకు తీస్కపోదాం నడువు బావా. నేను గుడ వస్త. ఎత్తుకునేటోల్లు ఒకరు గావాలె గద."

ఆటో పిలిచారు. బోధన్ దాకా ఆ పిల్ల చిన్నమ్మ ఒడిలోనే పడుకుంది. పెద్దబాపు దారి పొడవునా బయటికే చూశాడు. జ్వరం టైఫాయిడ్ అని తేలింది, మందులకు లొంగింది. కొన్నాళ్ళకు బర్రె కూడా ఎవరి ప్రమేయమూ లేకుండా పాలిచ్చింది.

ఇంతటితో హేతువాదం గెలిచిందని రాసి లేచిపోవచ్చు. మా ఆదివారం మిత్రులకు అలాగే చెప్పాను. కానీ ఆస్పత్రి నుంచి తిరిగొచ్చి చూస్తే నా ఫ్లెక్సీ బండ పక్కన రెండు కర్రలకు నిలబెట్టి ఉంది. పెద్ద మూపురం మీద పసుపు, చిన్న మూపురం మీద కుంకుమ. మూలన నమస్కారం పెడుతున్న నా నుదుటి మీదా చక్కటి బొట్టు. రెండుసార్లు పుట్టిన తల్లిని చూడటానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారు. అడుగు పెట్టబోమన్న కూలీలు తెల్లారేసరికి చేనులో బారులు తీరారు. ఇంటికి పోయేటప్పుడు ప్రతివాళ్ళూ బండ మొదట్లోంచి చిటికెడు మన్ను కొంగున కట్టుకుపోతున్నారు. ఇలా మన్ను తీస్తే బండ ఇంకా పెరుగుతుందని, అంటే పెరగదని, పెరిగినట్టు కనపడుతుందని నేను గట్టెక్కి అరిచాను. నువ్వే జెప్పితివి గదమ్మా అని నాకే దండం పెట్టారు. కోపంతో ఫ్లెక్సీ పీకబోయాను. చిన్నమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పసుపు తవ్వినంక నీ సైన్సు జెప్పు బిడ్డా. ముందు తవ్వనీ."

తవ్వనిచ్చాను. ఆ ఏడు చిన్నమ్మ పసుపు ఒక్క దుంప నేలలో మిగలకుండా బయటికి వచ్చింది. ఆమె ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. పెద్దబాపు మనుమరాలు ఆమెను చిన్నవ్వా అంటూ వెంట తిరుగుతుంది. నేనిప్పటికీ గింజల వయసులే అడుగుతున్నాను, అవకాశం దొరికితే బల్లలే గుద్దుతున్నాను. ఈ కథ సభల్లో చెప్పినప్పుడు చిన్నమ్మ ప్రశ్న దగ్గర ఆపుతాను. జనం నవ్వుతారు, చప్పట్లు కొడతారు.

ఆ తర్వాతి ముక్క ఎక్కడా చెప్పలేదు. తవ్వకం ముగిసిన సాయంత్రం, కూలీలు వెళ్ళిపోయాక చేనులో నేనొక్కదాన్నే మిగిలాను. తవ్విన నేల నోరు తెరుచుకుని ఉంది. బండ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. పగలంతా ఎండకు కాగిన రాయి సాయంత్రం వెచ్చగానే ఉంటుంది, అది ఐదో తరగతి పిల్లకూ తెలుసు. చెయ్యి తీసి గట్టు వైపు నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూడకపోవడానికి కారణమేమీ లేదు, చూడటానికి మాత్రం ఏముంది.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు ఆ గట్టు మీద అప్పటి ఆ సవాల్ పిల్ల ఎదురైతే ఆపి, అంత వేగంగా ఎక్కడికమ్మా అని అడగాలనుంది. బస్సు టైమైంది అంటుంది, తల ఎత్తకుండా. బస్సు రావడానికి ఇంకా చాలాసేపుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను తప్పుకుని దారిస్తాను.